రంగుల పుస్తకంలో ఆఖరి గీత

పొద్దు 41

నీటి మట్టం సరి. ఉప్పు సరి. వెచ్చదనం సరి. మనసు గాల్లో ఉంది.

గోడ ఆఫీసు వారికి ముందుగా ఒక మాట. ఈ రోజువారీ రికార్డులో మనసు అనే గడి లేదని, గోడ సంగతులు తప్ప ఇంకేవీ రాయవద్దని పోయిన నెల చీటీ పంపారు. లేదని నాకూ తెలుసు, నేనే గీసుకున్నాను. చందమామ మీద ఈ కొత్త ఉప్పాడ కట్టినప్పటి నుంచి గోడల మెకానిక్కును నేను. ఊళ్ళో ప్రతి ఇంటి నీళ్ళగోడా, దాని పైన దీపమూ ఈ నూకరత్నం చేత్తో బిగించినవే. ఒక్క గడి గీసుకుంటే మీ సొమ్మేం పోయింది?

అసలు సంగతికి వస్తాను. పొద్దున గోడ తుడుస్తుంటే కింద ఎడమ మూల, ఎప్పుడూ పాచి తప్ప ఏమీ కనబడని చోట, ఒక బొత్తం పూవు విచ్చుకుని ఉంది. బొత్తం పూలంటే పగడాల్లో ఓ రకం. చొక్కా బొత్తామంత ఉంటాయి, చుట్టూ కనురెప్పల్లా వెంట్రుకలు. పుస్తకాల్లో జోయాంథిడ్లు అని రాస్తారు గానీ మా ఊళ్ళో ఆ మాటకు ఎవరికీ నోరు తిరగదు. సూర్యుడి తుఫాను ఇంట్లోకి రాకుండా గోడలో నింపిన ఉప్పునీళ్ళలో వీటిని రెండు జానల మేర పెంచుకోవచ్చని మీరే రూలు పెట్టారు. నావి నాలుగు జానలు దాటాయి, అది వేరే సంగతి.

ఈ పూవు రంగు చెప్పాలి. నడుమ పారాణి ఎరుపు. దాని చుట్టూ నిమ్మపండు పసుపుతో దారమంత గీత. అంచున వెంట్రుకలు నీలం, ఆ నీలం లోపలి నుంచి వెలుగుతోంది. నా దగ్గర పంతొమ్మిది రంగుల బొత్తాలున్నాయి. ఈ రంగు నాకే కాదు, ఊళ్ళో ఎవరికీ లేదు. సంతోషం పట్టలేక ఎగిరాను. అసలే ఇక్కడ మనిషి బరువు తక్కువ, తల వెళ్ళి పైకప్పుకు కొట్టుకుంది.

మా ఆయన గంగరాజును పిలిచాను. కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేస్తుంటే కుర్చీ ప్లాస్టిక్ కవరు చరచరమంది.

"ఈ కవరు తీసేద్దావే. తొడలకంటుకుపోతంది," అన్నాడు.

"తీసేత్తే దుమ్ము పట్టేత్తాది. సామాన్ల ఓడ మళ్ళీ ఎన్నేళ్ళకొత్తాదో ఏటో. ముందిలా వచ్చి దీన్ని చూడు."

వచ్చి చాలాసేపు చూశాడు. "బానే ఉంది," అన్నాడు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా ఇదే మాట అన్నాడు.

పొద్దు 43

నీటి మట్టం సరి. ఉప్పు సరి. వెచ్చదనం చూడలేదు, ఉండే ఉంటుంది. మనసు ఒకచోట నిలవడం లేదు.

పక్కనే ముడుచుకుని ఉన్న మరో మూడు బొత్తాలు కూడా విచ్చుకున్నాయి. అన్నీ అదే రంగు. చౌడమ్మ గారికి కబురు పెట్టాను.

చౌడమ్మ గారికి డెబ్బై తొమ్మిదేళ్ళు. భూమ్మీద పాత ఉప్పాడలో తరతరాలుగా చీరలు నేసిన ఇల్లు వాళ్ళది. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆవిడ తెచ్చుకున్నవి రెండే. అరవై రెండు రంగుల నూలు కండెలున్న పెట్టె ఒకటి, వాళ్ళ నాయనమ్మ చీరల మీది పువ్వులూ లతలూ గీసుకున్న పుస్తకం ఒకటి. ఎవరింట కొత్త రంగు పగడం పూసినా ఆవిడదే తీర్పు. పెట్టెలో ఏ నూలుతోనైనా కలిస్తే పూవుకు ఆ నూలు పేరే, వంగపండనో నెమలికంఠమనో. దేనితోనూ కలవకపోతే అది కొత్త రంగు, పెంచినవాళ్ళే పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరును పుస్తకం చివరి పేజీలో ఆవిడ తన చేత్తో రాస్తారు.

ఆ పేజీలో ముప్ఫై గీతలున్నాయి. ఇరవై తొమ్మిది నిండిపోయాయి. చందమామ మీద కాగితం దొరకదు కాబట్టి ఆ తర్వాతి పేర్లన్నీ యంత్రంలోకి పోతాయి. యంత్రంలో పేరుంటే ఎవడిక్కావాలి? నా పూవు కొత్త రంగని తేలితే దానికి నా పేరే పెడతాను, ఆ ఆఖరి గీత మీద నా పేరుండాలి. ఆరేళ్ళ కిందట ఒకే ఓడలో ఈ గోడదీపాలూ పగడాలూ వచ్చిన రోజు నుంచి నాకున్న కోరిక అదొక్కటే, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఆవిడ అద్దానికి ఒక్కో కండె ఆనించి చూశారు. చిలకాకుపచ్చ కాదన్నారు. పారాణి దగ్గర ఆగారు, నా గుండె కూడా అక్కడే ఆగింది, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టారు. అరవై రెండూ అయ్యాయి.

"కలవలేదమ్మాయ్," అన్నారు.

ఆవిడను అమాంతం ఎత్తేశాను.

"దింపవే, దింపు. ఇంకా మూడు గోడలు చూడాలి."

మూడు గోడల రూలు ఎలా మరిచిపోతాను. ఒకే నీటి వరసలో ఉన్న మూడు ఇళ్ళలో పూవు ఒకేలా వెలగాలి. ఒక ఇంట మెరిసి ఇంకో ఇంట చప్పబడితే అది రంగు కింద లెక్క కాదు. మా వరసలో పగడాలు పెంచే ఇళ్ళు సరిగ్గా మూడు. ఒకటి నాది, ఒకటి చౌడమ్మ గారిది. మూడోది తాతారావుది.

"తాతారావింటికి నువ్వే ఎల్లి అడగాల మరి," అన్నారు ఆవిడ. అంటూ నవ్వు దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

పొద్దు 44

నీటి మట్టం సరి. ఉప్పు సరి. మనసులో కొంచెం భయం.

ముక్కలు కోశాను. కళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లవుజులు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ వీటి రసం కంట్లో పడిందంటే ఆస్పత్రే. మొదటితో సహా ఒక్కో బొత్తాన్ని విడదీసి, రాతి బిళ్ళ మీద గమ్‌తో అంటించాను. రెండు నా గోడలో అదే మూల ఉంచుకున్నాను. ఒకటి చౌడమ్మ గారికి ఇచ్చాను. ఇంకొకటి డబ్బాలో నా ఎదురుగా ఉంది, నా కాళ్ళు గుమ్మం దాటనంటున్నాయి.

తాతారావు మా మేనత్త కొడుకు, నాకు బావ. రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. అప్పట్లో తన గోడలో కొత్త రంగు పూసిందని ఊరంతా చెప్పుకుని, నాకూ చౌడమ్మ గారికీ తలో ముక్కా తెచ్చి ఇచ్చాడు. అతనింట్లో అదెలా ఉందో చూడ్డానికి మేం వెళ్ళేలోపే మా ఇద్దరి గోడల్లోనూ అది మసిగుడ్డలా తయారైంది. "బావా, ఇది బూడిద. నీ కళ్ళు చూపించుకో," అన్నాను నలుగురిలో. అందరూ నవ్వారు. తీర్పు అక్కడే అయిపోయింది. ముక్క తిరిగిస్తే పుచ్చుకోలేదు, నేనూ గోడలో ఎక్కడో పడేశాను. ఆ రోజు నుంచి ఎదురింట్లోనే ఉంటూ నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు.

పొద్దు 45

నీటి మట్టం సరి. ఉప్పు సరి. మనసు తేలికపడింది, ఎందుకో తెలియదు.

తలుపు తీసి నన్ను చూశాడు. "ఎవరు కావాలండి?" అన్నాడు.

"ఎటకారం ఆపు బావా."

"గొంతు రత్నంలాగే ఉంది. కళ్ళే సరిగా ఆనవు మరి నాకు."

డబ్బా ఇచ్చి సంగతి చెప్పాను. పది రోజులు అతని గోడలో ఉంచి, ఎలా ఉందో చౌడమ్మ గారికి చెప్పాలన్నాను.

"నిజం చెప్తానని ఏటి నమ్మకం?"

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకే కదా నీతో ఏగలేం."

నవ్వొచ్చింది అతనికి. దగ్గినట్టు నటించాడు.

ఆ ఇల్లు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. కొత్త వస్తువు ఇంటికి వచ్చీ రాకముందే కవరు పరపరా చింపేసే మనిషి. కుర్చీ నిండా గీతలు, పొయ్యి మీద గీతలు, దేనికీ కవరు లేదు. నీళ్ళగోడ ఉన్న లోపలి గదిలోకి మాత్రం ఎవర్నీ పోనివ్వడు, తలుపు మూసే ఉంది.

"వస్తువులన్నీ ఎలా పాడుచేసుకున్నావో చూడు," అన్నాను.

"పాడుచెయ్యలేదు రత్నం, వాడుకుంటన్నాను," అన్నాడు.

పొద్దు 52

నీటి మట్టం సరి. ఉప్పు సరి. మనసు బాగాలేదు.

చౌడమ్మ గారి గోడలో నా పూవు బూడిదైపోయింది. నడుమ పారాణి లేదు, అంచున నీలం లేదు, కాల్చి పారేసిన అగ్గిపుల్లలా ఉంది. ఉప్పు చూశాను, నీళ్ళ వేగం చూశాను, బిళ్ళ తిప్పి అడుగున చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి.

"నీ ఇంట్లో మాత్రం మెరుత్తంది," అన్నారు చౌడమ్మ గారు నెమ్మదిగా. "తాతారావు పూవుకీ ఇలాగే అయ్యింది, గుర్తుందా?"

గుర్తుంది. ఆ రోజు నేను నవ్విన నవ్వు కూడా గుర్తుంది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

పొద్దు 54

నీటి మట్టం సరి. ఉప్పు సరి. మనసు సంగతి చివర్లో రాస్తాను.

పొద్దున తాతారావు మా గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"నీ పిల్ల పూర్తిగా విచ్చుకుంది. వచ్చి చూడు."

వెళ్ళి చూశాను. నా బొత్తం అతని గోడలో మా ఇంట్లో కంటే రెట్టింపు వెలుగుతోంది. పక్కనే అరచెయ్యంత బండ నిండా యాభై అరవై బొత్తాలు. నడుమ పారాణి ఎరుపు, చుట్టూ నిమ్మపండు దారం, అంచున నీలం. తల్లి పక్కన పిల్ల కూర్చున్నట్టే ఉంది. ఏది నాదో వెతుక్కోవలసి వచ్చింది.

"ఇది..." అన్నాను.

"ఆయ్. నువ్వు బూడిదన్నదే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూడో రోజే. చౌడమ్మ గారు అడిగితే నా గోడలో ఎలిగిందని చెప్తాను. అది ఎవరిదన్నది మాత్రం నేను చెప్పను, నువ్వే చెప్పుకో."

ఇంటికి పరిగెత్తాను. ఆ ఎడమ మూల, రెండేళ్ళ కిందట ముక్క పడేసిన చోటు. అది చావలేదు. అక్కడే అంటుకుని పిల్లలు పెట్టింది. మరి ఇన్నాళ్ళూ కనబడనిది ఇప్పుడెందుకు వెలిగింది? మెకానిక్కును కదా, ఒక్క ఎగురు ఎగిరి దీపం పట్టుకుని వేలాడుతూ చూశాను.

దీపానికి కవరుంది. ఫ్యాక్టరీలో అంటించిన ప్లాస్టిక్ కవరు. ఆరేళ్ళ వేడికి ఆవకాయ నూనె రంగుకు తిరిగిపోయింది. ఎడమ మూల మాత్రం మూడు వేళ్ళ మేర ముడుచుకుని పైకి లేచింది. అసలు వెలుగు గోడలో పడుతున్నది ఆ సందులోంచే, సరిగ్గా ఆ మూల మీదే.

అంతా గుర్తొచ్చింది. దీపాలు బిగించేటప్పుడు ఇంటింటికీ నేనే చెప్పాను. "కవరు తియ్యకండి, చందమామ దుమ్ము గీతలు పెట్టిందంటే దీపం పోద్ది." అందరూ బుద్ధిగా విన్నారు. ఒక్క తాతారావే నా ముందే చింపేశాడు. ఆ రోజు అతన్ని నానా మాటలూ అన్నాను. అంటే ఆరేళ్ళుగా ఊరు ఊరంతా పచ్చడి సీసాలోంచి పగడాలు చూస్తోంది. నిజం రంగు చూస్తున్నవాడు ఒక్కడే. వాణ్ణి కళ్ళు చూపించుకోమన్నాం.

నేల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నవ్వు అయిపోయాక మిగిలింది సిగ్గు.

పొద్దు 55

నీటి మట్టం సరి. ఉప్పు సరి. మనసు గడి ఎందుకు గీశానా అని ఉంది.

ఉన్నదున్నట్టు రాస్తాను. దీపం శుభ్రం చేస్తానని చౌడమ్మ గారింటికి వెళ్ళి, చప్పుడు కాకుండా ఆ కవరు లాగేస్తే చాలు. మూడు గోడల్లోనూ పూవు వెలుగుతుంది. తాతారావు నోరు విప్పడు. ఆఖరి గీత నాది. నేను ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరుకుంటే సరిపోతుంది. మధ్యాహ్నం రెంచి జేబులో వేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వచ్చాను.

గంగరాజు కుర్చీలో చరచరమంటూ నన్ను చూస్తున్నాడు. సంగతంతా చెప్పాను.

"ఆ పుస్తకంలో నీ పేరు రోజూ చూసుకుంటావా?" అన్నాడు.

"చూసుకుంటాను."

"పక్కన తాతారావన్నయ్య కూకున్నప్పుడు కూడానా?"

నెలకో మాట మాట్లాడే మనిషి, ఆ మాట ఇవాళే దొరికిందా? ఒళ్ళు మండిపోయింది. రెంచి తీసి పెట్టెలో పడేశాను.

పొద్దు 56

నీటి మట్టం సరి. ఉప్పు సరి. మనసు ఎగురుతోంది.

పొద్దున్నే వరసలో వాళ్ళందరినీ చౌడమ్మ గారింటికి పిలిచాను. తాతారావు వెనక గోడకానుకుని చేతులు కట్టుకున్నాడు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా. చెప్పాను. పూవు నాది కాదు, బావది. బూడిద పూవులో లేదు, దీపం కవరులో ఉంది. ఆ కవరు తియ్యొద్దన్న మహాతల్లిని నేనే.

ఎవరూ నమ్మినట్టు లేరు. స్టూలెక్కి చౌడమ్మ గారి దీపం కవరు గోటితో పట్టి లాగాను. బర్రుమని ఒక్క ముక్కగా ఊడి వచ్చింది.

గోడ మొత్తం ఒక్కసారిగా వెలిగింది. బూడిద బొత్తం నడుమ నిప్పు రాజుకున్నట్టు ఎర్రబడింది. అదొక్కటే కాదు. ఆవిడ ఆరేళ్ళుగా వంగపండు అని పిలుస్తున్నది గులాబీ. తేనెరంగు అని పేరు రాసినది అసలు పచ్చ, అంచున నారింజ. చౌడమ్మ గారు కుర్చీ ముందుకు జరుపుకుని, అద్దానికి ముక్కు ఆనించి, ఒక్కో పూవునూ మళ్ళీ మొదటి నుంచి చూశారు.

"నేను బతికుండగా తీసేవు," అన్నారు చివరికి. "అది చాల్లే అమ్మాయ్."

తాతారావు వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. అతనే దగ్గరికొచ్చి నా చేతిలోని కవరు తీసుకుని, వెలుగుకు పట్టి చూసి, "దుమ్ము మాత్రం ఒక్క రేణువు పడనివ్వలేదు," అన్నాడు.

పొద్దు 57

నీటి మట్టం చూడలేదు. ఉప్పు చూడలేదు. మనసు ఊరంతా తిరుగుతోంది.

క్షమించాలి, ఇవాళ కొలతలకు తీరిక లేదు. ఊళ్ళో నూట పద్నాలుగు ఇళ్ళు, నిన్న తీసినది కలుపుకుని నూట పదమూడు కవర్లు. నేను ఒక ఇంట్లో స్టూలు దిగేలోపు పక్కింటివాళ్ళు వాళ్ళ దీపం మీద వేలాడుతున్నారు. వీధి పొడుగునా బర్రు బర్రుమనే చప్పుడే. ఒక ఇంట కేక, ఒక ఇంట నవ్వు. రెండో వరసలో అన్నదమ్ములిద్దరు మూడేళ్ళుగా నాది ఎరుపంటే నాది ఎరుపని పోట్లాడుకుంటున్నారు. ఇద్దరివీ నీలమే. ఇప్పుడు ఎవరి నీలం ఎక్కువ నీలమని మొదలుపెట్టారు.

చీకటి గదుల్లో పుట్టి పెరిగిన ఊరు మాది, బయటకు చూస్తే నల్లటి ఆకాశం, బూడిద నేల. ఒక్క రోజులో ఇన్ని రంగులు చూసి జనానికి మతి పోయింది. పనిలోకి ఎవరూ పోలేదు. ఇంటింటికీ వెళ్ళి గోడలు చూడటం, నోరు తెరవడం, మళ్ళీ ఇంకో ఇంటికి పరిగెత్తడం, ఇదే పని. నేను తాతారావు గోడలోని ఆ బొత్తాల బండ ఎదుట కూర్చుని రెండు గంటలు గడిపాను. ఎంత బావుందో. నాది కాదని తెలిశాక కూడా అంతే బావుంది, అది నాకే వింతగా ఉంది.

గోడ ఆఫీసు వారు కూడా మీ దీపం ఒకసారి చూసుకోండి. దాన్ని బిగించిందీ నేనే.

పొద్దు 60

నీటి మట్టం సరి. ఉప్పు సరి. వెచ్చదనం సరి. మనసు సరి.

చౌడమ్మ గారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాకిలి నిండా జనం. ఇరవై తొమ్మిది పేర్లూ తప్పేనని తేలింది కాబట్టి కొట్టెయ్యమన్నారు ఎవరో.

"కొట్టెయ్యను," అన్నారు ఆవిడ. "అబద్ధం ఎవరూ ఆడలేదు కదా. చూసింది చూసినట్టు చెప్పేరు." పేజీ పైన ఖాళీలో చిన్న అక్షరాలతో 'కవరులోంచి చూసిన రంగులు' అని రాశారు. తర్వాత కలం ఆఖరి గీత మీద పెట్టారు. "తాతారావూ, నీ పూవు మూడు గోడల్లోనూ ఎలిగింది. పేరు చెప్పు."

నేను కిందికి చూస్తున్నాను. రెండేళ్ళ కిందట అతను ఏం పేరు అనుకున్నాడో నాకు తెలియదు, అప్పుడు అడగనైనా అడగలేదు. ఆ గీత మీద నా పేరుండాలని ఆరేళ్ళు కోరుకున్నాను. ఇప్పుడు అది వేరే పేరుతో నిండిపోతోంది. బాధగానే ఉంది, లేదని రాయను.

తాతారావు గొంతు సవరించుకున్నాడు.

"కవరు రత్నం," అన్నాడు.

వాకిలి ఘొల్లుమంది. గంగరాజు కూడా నవ్వాడు, ఆయన పళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో.

"బావా, మార్చు. నా పరువు తియ్యకు."

"పెంచినోడిదే పేరు. రూలు కదా రత్నం."

"మామ్మగారూ, రాయకండి."

ఆవిడ అప్పటికే 'క' రాసేశారు. తొందరపడకుండా ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్ది, సిరా ఆరేదాకా ఊది, పుస్తకం నా వైపు తిప్పారు. ఆఖరి గీత మీద నా పేరుంది. నేను కోరుకున్న పేరే, ముందు నేను కోరని ముక్కొకటి తగిలించి ఉంది. ఇక బతికినన్నాళ్ళూ ఊళ్ళో నన్ను అలాగే పిలుస్తారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ముక్కు చీదుకుంటూ నవ్వాను. ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ లేదు.

సాయంత్రం తాతారావు మా ఇంటికి వచ్చాడు. రెండేళ్ళ తర్వాత గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. గోడ ముందుకు కొత్త కుర్చీ జరిపి కూర్చోబెట్టాను. చరచరమంది. ఇటు కదిలాడు, అటు కదిలాడు, మెల్లిగా చెయ్యి కిందికి పోనిచ్చి కవరు అంచు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి బావా," అన్నాను. "కుర్చీ కొత్తది."